మూగజీవుల ఆశ్రయదాత మేరీ టీల్బీ

మహాభారత కథారంభంలో ఒక శునకం మొర వినిపిస్తుంది. జనమేజయుని యాగశాల వద్దకు వచ్చిన ఒక కుక్కపిల్లను రాజు తమ్ములు నిష్కారణంగా కొడతారు. దాని తల్లి సరమ రాజును నిలదీసి, తగినదేదో తగనిదేదో ఎరిగి మెలగవలసిన అవసరాన్ని తెలియజేస్తుంది. కథాంతంలో మరొక శునకం కనిపిస్తుంది. మహాప్రస్థానంలో తన వెంట నడిచివచ్చిన ఆ మూగజీవిని విడిచి స్వర్గంలో అడుగుపెట్టడానికి ధర్మరాజు అంగీకరించడు. నోరులేని ప్రాణి పట్ల మనిషి చూపే ప్రవర్తనే అతని ధర్మానికి గీటురాయి అని మన పూర్వులు ఈ విధంగా సూచించారు.

అయితే దయ ఒక వ్యక్తి హృదయంలో ఉదయించినంత మాత్రాన దిక్కులేని ప్రాణులన్నింటికీ రక్షణ లభించదు. వాటికి తలదాచుకునే చోటు కావాలి. తిండి, వైద్యం, సంరక్షకులు కావాలి. వీటన్నింటికీ ధనం కావాలి. ఒక్కరి చేతి సొమ్ముతో కొన్నాళ్లు నడిచే పని, పదిమంది చేతులు కలిస్తే తరతరాలు నడుస్తుంది. ఈ సత్యాన్ని ఆచరణలో నిరూపించిన మహిళ మేరీ టీల్బీ. వీధికుక్కల కోసం చందాలు అడిగినందుకు ఆమె లోకం చేత నవ్వులపాలయింది. ఆమె నాటిన ఆ చిన్న మొక్క నేడు ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన బ్యాటర్సీ శునక, మార్జాల ఆశ్రయంగా విస్తరించింది.

మేరీ 1801వ సంవత్సరంలో ఇంగ్లండులోని హంటింగ్డన్ పట్టణంలో జన్మించింది. ఆమె పుట్టింటి వారి పేరు బేట్స్. 1829లో హల్ నగరానికి చెందిన కలప వర్తకుడు రాబర్ట్ టీల్బీతో ఆమెకు వివాహమైంది. తరువాతి కాలంలో ఆమె భర్తకు దూరంగా, లండను ఉత్తర భాగంలోని హాలోవే ప్రాంతంలో తన పుట్టింటివారితో కలిసి నివసించింది. మతాచార్యుడైన ఆమె సోదరుడు ఎడ్వర్డ్ బేట్స్ ఆమె చేపట్టిన కార్యానికి చివరివరకు చేదోడుగా నిలిచాడు. అరవై ఏళ్లకు చేరువయ్యే వరకు ఆమె పేరు లోకానికి తెలియదు. ఆమె గొప్ప సంపన్నురాలు కాదు, ఉన్నత పదవిలో ఉన్న వ్యక్తి కాదు. ఆనాటి ఇంగ్లండులో స్త్రీలకు ఓటుహక్కు కూడా లేదు. అటువంటి సామాన్య గృహిణి జీవితపు చివరి ఐదేళ్లలో చేసిన పని ఆమెను చరిత్రలో నిలిపింది.

ఆమె చేసిన పని విలువ తెలియాలంటే ఆనాటి లండను నగర పరిస్థితులను కొంత తెలుసుకోవాలి. 1861 నాటికి ఆ నగర జనాభా సుమారు 28 లక్షలు. గుర్రపు బండ్ల రద్దీతో, పొగతో, బురదతో నిండిన వీధులలో వేలాది కుక్కలు దిక్కులేక తిరుగుతుండేవి. వాటిలో కొన్ని దారితప్పినవి, కొన్ని యజమానులు వదిలించుకున్నవి. కుక్కల మీద పన్ను ఉండడం వల్ల దానిని చెల్లించలేక కొందరు వాటిని వీధిపాలు చేసేవారు. చిన్న వర్తకులు కుక్కల చేత బండ్లు లాగించే పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఆ పద్ధతిని తొలుత లండనులోను, 1854లో దేశమంతటా నిషేధించారు. పిచ్చికుక్క కాటుకు ఆనాడు మందు లేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ దానికి టీకాను మనిషికి తొలిసారి వేసింది 1885లో. అందువల్ల ప్రజలు వీధికుక్కను చూస్తేనే భయపడి కర్రలతో, రాళ్లతో వెంటబడేవారు.

ఇంగ్లండులో జంతుహింసను అరికట్టే ప్రయత్నాలు అప్పటికే మొదలైనాయి. 1822లో పశువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధిస్తూ పార్లమెంటు ఒక శాసనం చేసింది. 1824లో జంతుహింసా నివారణ సంఘం ఏర్పడింది. 1835లో చేసిన శాసనం కుక్కలకు కూడా రక్షణ కల్పించి, కుక్కల పందేలను నిషేధించింది. కాని ఈ శాసనాలు హింసించిన వానిని శిక్షించగలిగినవే తప్ప, హింసకు గురైన ప్రాణికి పిడికెడు తిండి పెట్టగలిగినవి కావు. శిక్ష పడిన తరువాత ఆ కుక్క ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు శాసనంలో సమాధానం లేదు.

ఆ రోజులలో మరొక దురాచారం కూడా ఉండేది. మేలుజాతి కుక్కలను దొంగిలించి, యజమానుల వద్ద సొమ్ము గుంజి తిరిగి అప్పగించే ముఠాలు లండనులో ఉండేవి. ప్రసిద్ధ కవయిత్రి ఎలిజబెత్ బారెట్ పెంచుకున్న ఫ్లష్ అనే కుక్కను 1840 దశకంలో దొంగలు మూడుసార్లు ఎత్తుకుపోయారు. మూడుసార్లూ సొమ్ము చెల్లించిన తరువాతనే ఆమె దానిని విడిపించుకోగలిగింది. ప్రేమతో ఇచ్చిన ఆ సొమ్మే దొంగలకు ఆదాయమై, వారిని మరొక దొంగతనానికి పురికొల్పింది. దయకు వివేకం తోడుకాకపోతే అది క్రూరత్వానికే పెట్టుబడి కాగలదని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

మేరీకి శారా మేజర్ అనే స్నేహితురాలు ఉండేది. 1860లో ఆమె కానన్‌బరీ స్క్వేర్ వద్ద ఆకలితో కొనఊపిరితో పడి ఉన్న ఒక కుక్కను చూసి, తన ఇంటికి తెచ్చి వంటగదిలో ఉంచి సపర్యలు చేయసాగింది. ఆమెను చూడడానికి వచ్చిన మేరీ కూడా ఆ సేవలో పాలుపంచుకున్నది. ఇద్దరూ ఎంతో శ్రమించినప్పటికీ ఆ ప్రాణి బ్రతకలేదు. ఒక్క కుక్క మరణం వారి మనస్సులను కలచివేసింది. కొంత ముందుగా ఆశ్రయం లభించి ఉంటే అది బ్రతికేదన్న ఆలోచన మేరీని నిలువనీయలేదు. వీధిలో కనిపించిన కుక్కలను ఆమె తన ఇంటికే తెచ్చి సాకడం ప్రారంభించింది. త్వరలోనే ఇల్లు చాలలేదు. అప్పుడు హాలోవేలో ఇళ్ల వెనుక ఉన్న పాత గుర్రపుశాలలలో చోటు సంపాదించి, 1860 అక్టోబరులో ఒక ఆశ్రయాన్ని నెలకొల్పింది. తప్పిపోయిన, ఆకలితో అలమటించే కుక్కల తాత్కాలిక గృహం అని దానికి పేరు పెట్టింది.

ఆ పేరులోనే ఆ సంస్థ లక్ష్యం స్పష్టమవుతున్నది. కుక్కలను శాశ్వతంగా బంధించి ఉంచడం ఆమె ఉద్దేశం కాదు. తప్పిపోయిన కుక్కను యజమానికి చేర్చడం, యజమాని లేని దానికి కొత్త ఇల్లు వెదకడం, అంతవరకు దానికి తిండి, నీడ కల్పించడం ఆమె ఆశయం. యజమాని వచ్చి అడిగితే అయిన ఖర్చును తీసుకొని కుక్కను అప్పగించేవారు. పద్నాలుగు రోజులలో ఎవరూ రాకపోతే దానిని ఇతరులకు ఇచ్చే అధికారం కార్యవర్గానికి ఉండేది. కుక్కను తెచ్చి అప్పగించిన వారికి ఎట్టి బహుమానమూ ఇవ్వరాదని కూడా ఒక నియమం చేసుకున్నారు. పారితోషికం ఇస్తే దాని కోసం కుక్కలను దొంగిలించి తెచ్చేవారు బయలుదేరుతారని వారు ముందుగానే ఊహించారు. ఆర్ద్రమైన హృదయంతోపాటు లోకజ్ఞానం కూడా ఆ సంస్థకు పునాది అయినదని ఈ నియమం నిరూపిస్తున్నది.

1860 నవంబరులో జంతుహింసా నివారణ సంఘం తన కార్యాలయంలో చోటు ఇవ్వగా ఆశ్రయ నిర్వాహకులు అక్కడ సమావేశమయ్యారు. సంస్థకు కార్యవర్గం ఏర్పడింది. కాని దానికి ప్రభుత్వం నుంచి రాబడి లేదు. ఆనాటి ధర్మసంస్థల పద్ధతిలో ఏటేటా చందా చెల్లించేవారు, తోచినప్పుడు విరాళమిచ్చేవారు దానికి ఆధారం. గుర్రపుశాల అద్దె, కుక్కల తిండి, సంరక్షకుని జీతం మొదలైనవన్నీ దాతల సొమ్ముతోనే నడవాలి. కుక్కల సంఖ్య దినదినం పెరుగుతుండగా, రాబడి మాత్రం ఆ వేగంతో పెరగలేదు. అందువల్ల మేరీ ప్రజల ముందు చేయి చాచక తప్పలేదు.

ఆమె అభ్యర్థనకు లోకం నుంచి మొదట లభించిన ప్రతిఫలం పరిహాసం. ది టైమ్స్ వంటి సుప్రసిద్ధ దినపత్రిక 1860 అక్టోబరులోనే ఈ ప్రయత్నాన్ని ఎగతాళి చేసింది. కుక్కలకు ఆశ్రయమేమిటని, దయ హద్దు మీరి వెర్రితనమయిందని పలువురు నవ్వారు. లండను వీధులలో అనాథ బాలలు ఆకలితో తిరుగుతుండగా కుక్కల కోసం చందాలు అడగడం న్యాయమా అని విమర్శించారు. ఈ విమర్శను పూర్తిగా తోసిపుచ్చలేము. ఆనాటి లండనులో దారిద్ర్యం ఘోరంగా ఉన్నమాట వాస్తవం. నేడు కూడా మూగజీవుల కోసం విరాళం అడిగే ప్రతివారికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

మేరీ ఈ ప్రశ్నకు తన కార్యాచరణతోనే సమాధానమిచ్చింది. తిట్టినవారిని ఆమె తిట్టలేదు. తలపెట్టిన పనిని ఆపలేదు. కరుణ అనేది కొలిచి పంచుకోవలసిన గింజల రాశి కాదు. అది చేదుకొలది ఊరే బావి వంటిది. ఒక ప్రాణి బాధను చూసి చలించే హృదయం మరొక ప్రాణి బాధకు మొద్దుబారిపోదు. పైగా ఆ కుక్కలు తమంతట తాము వీధిన పడలేదు. వాటిని పెంచి, వాడుకొని, వదిలివేసినది మనుషులే. కనుక వాటి భారం వహించడం మానవ సంఘం తీర్చవలసిన ఋణమని కూడా చెప్పవచ్చు.

రెండేళ్లు గడిచేసరికి ప్రజాభిప్రాయంలో మార్పు రాసాగింది. 1862లో ఇస్లింగ్టన్‌లో ఒక పెద్ద శునక ప్రదర్శన జరిగింది. మేలుజాతి కుక్కలను అలంకరించి నిలబెట్టారు. వాటిని చూడడానికి జనం తండోపతండాలుగా వచ్చారు. అదే సంవత్సరం ఆగస్టులో, సుప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ సంపాదకత్వంలో వెలువడే ఆల్ ది ఇయర్ రౌండ్ అనే పత్రికలో ఒక వ్యాసం ప్రచురితమైంది. ఆ ప్రదర్శనను, దానికి సమీపంలోనే హాలోవేలో ఉన్న అనాథ కుక్కల ఆశ్రయాన్ని ఆ వ్యాసం పక్కపక్కన నిలిపి చూపింది. ఒకచోట ధర పలికే కుక్కలు; మరొకచోట ఎవరికీ అక్కరలేని కుక్కలు. మేరీ ప్రయత్నాన్ని ఆ వ్యాసం సానుభూతితో వర్ణించింది. లక్షలాది పాఠకుల అభిమానం చూరగొన్న రచయిత పత్రికలో ఇటువంటి వ్యాసం రావడంతో ఆశ్రయానికి గౌరవం పెరిగింది. నవ్వినవారిలో కొందరు ఆలోచించడం నేర్చుకున్నారు.

అయినప్పటికీ ఆర్థికమైన ఒడుదొడుకులు మేరీని వదలలేదు. ఇంతలో ఆమెకు క్యాన్సర్ వ్యాధి సోకింది. ఆరోగ్యం క్షీణించడంతో ఆమె లండను విడిచి బిగుల్స్‌వేడ్ పట్టణానికి వెళ్లింది. 1865 అక్టోబరు 3న అక్కడే కన్నుమూసింది. ఆ పట్టణంలోని సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో ఆమె సమాధి ఉన్నది. ఆశ్రయం నెలకొల్పి అప్పటికి సరిగా ఐదేళ్లు. తన సంస్థ నిలదొక్కుకుంటుందో లేదో తెలియని స్థితిలోనే ఆమె వెళ్లిపోయింది. రాజాదరణ, కీర్తి వంటివి ఆమె కంటబడనే లేదు.

వ్యక్తి గతించినా సంస్థ నిలిచింది. అది ఒకే చేతిమీద ఆధారపడకపోవడమే దీనికి ప్రధాన కారణం. చందాదారులు, కార్యవర్గ సభ్యులు ఆమె పనిని కొనసాగించారు. 1871లో ఆశ్రయం థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న బ్యాటర్సీకి తరలింది. 1883 నుంచి పిల్లులకు కూడా అక్కడ ఆశ్రయం లభించింది. 1885లో విక్టోరియా రాణి ఆ సంస్థకు పోషకురాలయింది. ఒకనాడు పత్రికల పరిహాసానికి గురైన సంస్థ రాజపోషణకు పాత్రమైంది. అయితే ఈ చరిత్రలో వెలుగుతోపాటు చీకటి కూడా ఉన్నది. వీధికుక్కలను పోలీసులు పట్టుకొనే శాసనం 1867లో వచ్చిన తరువాత అక్కడికి చేరే కుక్కల సంఖ్య విపరీతంగా పెరిగింది. చోటు చాలక, యజమానులు దొరకక, అనేక కుక్కలకు ప్రాణం తీయవలసి వచ్చింది. దాతల సొమ్ము ఎంత ఉంటే అంతమేరకే దయ పనిచేయగలదన్న కఠిన సత్యాన్ని ఆ సంస్థ అనుభవపూర్వకంగా తెలుసుకున్నది. స్థాపన నుంచి నేటివరకు అక్కడ ఆశ్రయం పొందిన కుక్కలు, పిల్లుల సంఖ్య ముప్పై లక్షలకు పైమాటే.

మేరీ కాలంలో కుక్కకు శత్రువులు ఆకలి, భయం, దొంగతనం. మన కాలంలో వీటికి తోడు మరొక శత్రువు తయారైంది. మేలుజాతి పిల్లలకు గిరాకీ పెరగడంతో, లాభమే ధ్యేయంగా కుక్కపిల్లలను సరుకులవలె పుట్టించే కేంద్రాలు అనేక దేశాలలో వెలిశాయి. అక్కడ తల్లికుక్కలను ఇరుకైన బోనులలో బంధిస్తారు. విశ్రాంతి లేకుండా ఈత వెంట ఈత ఈనిస్తారు. ఎండపొడ, పచ్చగడ్డి ఎరుగకుండానే వాటి జీవితం ముగుస్తుంది. పిల్లలను తల్లి పాలకు పూర్తిగా దూరం కాకముందే విడదీసి దళారుల ద్వారా అమ్ముతారు. అంగడిలో ముద్దులొలికే పిల్లను కొన్నవారికి, దాని తల్లి ఎక్కడ ఏ స్థితిలో ఉన్నదో తెలియదు.

బ్రిటనులో లూసీ అనే చిన్నజాతి కుక్క ఉదంతం ఈ విషయంలో లోకం కళ్లు తెరిపించింది. 2013లో దానిని వేల్స్‌లోని ఇటువంటి ఒక కేంద్రం నుంచి రక్షించారు. ఏళ్లతరబడి బోనులో ఉండడం వల్ల దాని తుంటి ఎముకలు బిగుసుకుపోయాయి; వెన్ను వంగిపోయింది; ఒంటిమీది వెంట్రుకలు రాలిపోయాయి. ఒక కుటుంబం దానిని చేరదీసి ప్రేమతో సాకింది. 2016లో అది మరణించింది. దాని పేరుతో సాగిన ప్రజా ఉద్యమం ఫలితంగా, ఇంగ్లండులో 2020 ఏప్రిల్ 6 నుంచి ఒక శాసనం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఆరు నెలల లోపు కుక్కపిల్లలను, పిల్లికూనలను వ్యాపార దళారులు అమ్మరాదు. కావలసినవారు పెంపకందారు వద్దకు నేరుగా వెళ్లాలి. లేదా ఆశ్రయాల నుంచి దత్తత తీసుకోవాలి.

ఇటువంటి కేంద్రం నుంచి ఒక కుక్కను విడిపించడం రక్షణలో మొదటి మెట్టు మాత్రమే. దానికి టీకాలు వేయించాలి, చర్మవ్యాధులకు, దంతాల జబ్బులకు చికిత్స చేయించాలి, ఇక పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స జరిపించాలి. మనిషి చేయి చాస్తే వణికిపోయే ఆ ప్రాణికి, ఆ చేయి కొట్టడానికే కాదు, నిమరడానికి కూడా అని నేర్పాలి. ఇందుకు నెలలు పట్టవచ్చు. ఒకేసారి పదుల సంఖ్యలో కుక్కలు బయటపడినప్పుడు ఏ ఒక్కరూ ఈ భారాన్ని మోయలేరు. అప్పుడు ఊరివారు ఇచ్చే విరాళాలే వాటికి ప్రాణాధారం. ధనం ఇవ్వలేనివారు పాత దుప్పట్లు, ఆహారం ఇవ్వవచ్చు. కొన్నాళ్లపాటు ఒక కుక్కను తమ ఇంట ఉంచుకోవచ్చు. ఆశ్రయానికి వెళ్లి శ్రమదానం చేయవచ్చు.

విరాళం ఇచ్చేటప్పుడు ఆనాటి అనుభవాన్ని మరువరాదు. జాలిపడి వ్యాపారికి ధర చెల్లించి బోనులోని కుక్కను కొంటే, ఖాళీ అయిన బోనులోకి మరొక కుక్క వస్తుంది. ఫ్లష్ కోసం చెల్లించిన సొమ్ము దొంగలను ఎలా పోషించిందో, ఈ సొమ్ము ఆ వ్యాపారాన్ని అలాగే పోషిస్తుంది. అందువల్ల శాసనం ద్వారా ప్రాణులను విడిపించి, విరాళాన్ని వాటి వైద్యానికి, పోషణకు, కొత్త ఇంటికి చేర్చడానికి వినియోగించడం ఉత్తమ మార్గం. లెక్కలు ప్రజల ముందుంచే సంస్థకు ఇవ్వడం దాత బాధ్యత; లెక్కలు చూపడం సంస్థ బాధ్యత.

మేరీ టీల్బీ ఆశ్రయం వెలసిన సరిగా నూరేళ్లకు, 1960లో, మన దేశంలో జంతుహింసా నివారణ శాసనం వచ్చింది. రాజ్యసభ సభ్యురాలిగా దాని కోసం కృషిచేసిన మహిళ ప్రసిద్ధ నృత్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. ఆ శాసనం కింద 2017లో చేసిన నియమాల ప్రకారం కుక్కపిల్లల పెంపకం, అమ్మకం చేపట్టేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. నియమాలు పుస్తకంలో ఉన్నంత మాత్రాన బోనులు తెరుచుకోవు. వాటిని తెలుసుకొని ప్రశ్నించే పౌరులు ఉన్నప్పుడే అవి ఫలిస్తాయి. 1992లో ప్రారంభమైన హైదరాబాదు బ్లూక్రాస్ వంటి సంస్థలు మన ప్రాంతంలో గాయపడిన, దిక్కులేని మూగజీవులకు వైద్యం, ఆశ్రయం కల్పిస్తున్నాయి. అటువంటి సంస్థలకు దాతల ఆదరణ ఎంతో అవసరం.

మేరీ టీల్బీ జీవితంలో అద్భుత సంఘటనలు లేవు. ఆమె యుద్ధాలు గెలువలేదు, గ్రంథాలు రచించలేదు. కాపాడాలనుకున్న మొదటి ప్రాణి ఆమె చేతులలోనే మరణించింది. ఆ ఓటమికి కుంగిపోక, రెండవ ప్రాణి కోసం ఆమె వీధిలోకి వెళ్లింది. మూడవ దాని కోసం ఇరుగుపొరుగు వారిని సాయమడిగింది. నలుగురు నవ్వినా అడగడం మానలేదు. తన కోసం కాక, నోరులేని వాటి కోసం చేయి చాచడంలో అవమానం లేదని ఆమె గ్రహించింది. ఒక్కొక్కరు ఇచ్చిన కొద్దిపాటి నాణేలు కలిసి ఆ సంస్థకు నూట అరవై ఏళ్లకు పైగా ఆయుష్షు పోశాయి. మన వీధి మలుపులో ఆకలితో నిలిచిన ప్రాణి మనను మాటలతో అడుగలేదు. దాని తరఫున అడిగేవారు ఒకరు, విని ఇచ్చేవారు పదిమంది ఉన్న ఊరే నాగరికమైన ఊరు.